మందు ఒంట్లో ఎన్నాళ్లుందో కొలవాలంటే: రక్తపరీక్షా, ఎన్ఎంఆరా, ఎంఆర్ఎస్సా, పెట్ స్కానా?

మాత్ర ఆపి రెండు రోజులైంది. రక్తంలో మందు దాదాపు లేదని ల్యాబు రిపోర్టు. మరి మెదడులో? కాలేయంలో? కణితిలో? చాలా మందుల విషయంలో రక్తంలో తగ్గినట్టే అక్కడా తగ్గి ఉంటుందని అనుకుని ముందుకు పోవచ్చు. కొన్నిటి విషయంలో అలా అనుకుంటే తప్పులో కాలేసినట్టే. మానసిక జబ్బులకు వాడే లిథియం అలాంటిది. సీరంలో (గడ్డకట్టిన రక్తం మీద తేరే ద్రవంలో) దాని అర్ధాయువు, అంటే ఉన్న మందు సగానికి తగ్గే సమయం, సుమారు 16 గంటలైతే, మెదడులో సుమారు 28 గంటలని అయస్కాంత అనునాదంతో చేసిన కొలతల్లో తేలింది. లెక్కేసి చూడండి. ఆపే రోజున సీరంలో లీటరుకు 0.8 మిల్లీమోల్, మెదడులో 0.6 ఉందనుకుందాం. 48 గంటలకు సీరంలో మూడు అర్ధాయువులు గడిచి 0.1కి దిగుతుంది. మెదడులో ఇంకా 0.18 ఉంటుంది. మొదట మెదడులో తక్కువగా ఉన్న మందు, చివరికి మెదడులోనే ఎక్కువ. రక్తం ఒక్కటే చూసేవారికి ఈ తలకిందుల వ్యవహారం కనబడదు.

అలాగని ప్రతి మందుకూ అయస్కాంతం దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. (శాంపిల్‌ను అయస్కాంతంలో పెట్టి చూసేది ఎన్ఎంఆర్. మనిషినే ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి అవయవంలోని మందు సిగ్నల్ వినేది ఎంఆర్ఎస్. రేడియోధార్మిక ముద్ర వేసిన పదార్థం ఒంట్లో ఎక్కడుందో చూసేది పెట్.) మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ప్రశ్న రక్తం గురించైతే మాస్ స్పెక్ట్రోమెట్రీయే (అణువులను బరువును బట్టి గుర్తించే పద్ధతి) సరైనది, అయస్కాంతం దండగ. ప్రశ్న అవయవం గురించై, మందులో ఫ్లోరిన్ గానీ లిథియం గానీ ఉండి, దాని గాఢత మైక్రోమోలార్లలో (లీటరుకు మిల్లీమోల్‌లో వెయ్యోవంతుల్లో) ఉంటేనే ఎంఆర్ఎస్ వైపు చూడాలి. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా డబ్బూ కాలమూ వృథా.

ఇంకో మాట. నడుముకో మోకాలికో తీసే మామూలు ఎంఆర్ఐలో నిన్న వేసుకున్న మాత్ర కనబడదు. ఆ యంత్రం వినేది నీటిలోనూ కొవ్వులోనూ ఉన్న హైడ్రోజన్‌ని. కణజాలంలో నీటి హైడ్రోజన్ గాఢత 80 మోలార్ ప్రాంతంలో ఉంటుంది. మందు అందులో కోటోవంతు కూడా ఉండకపోవచ్చు. జాతరలో గుసగుస వినాలంటే ఎంత కష్టమో ఇదీ అంతే. అందుకే హైడ్రోజన్‌ని వదిలి, ఒంట్లో సహజంగా లేని పరమాణువును వెతుకుతారు.

ముందు మందు అణువును చూడండి

ఫ్లోరిన్-19 ఇందుకు పుట్టినట్టే ఉంటుంది. ప్రకృతిలోని ఫ్లోరిన్ నూటికి నూరుపాళ్లూ ఇదే. సున్నితత్వం హైడ్రోజన్‌లో 83 శాతం. ఒంట్లో సహజంగా ఉన్న ఫ్లోరిన్ ఎముకల్లో, పళ్లలో గట్టిగా కూర్చుని ఉంటుంది కాబట్టి దాని సిగ్నల్ బాగా వెడల్పై, మందు శిఖరానికి (గ్రాఫులో నిటారుగా లేచే గీతకు) పెద్దగా అడ్డురాదు. లిథియం-7 కూడా ఫరవాలేదు: సహజ లభ్యత 92 శాతానికి పైనే, పైగా మందు వాడనివారి మెదడులో కొలవదగినంత లిథియం ఉండదు. మెట్‌ఫార్మిన్‌లో, పారాసెటమాల్‌లో ఈ రెండూ లేవు. కార్బన్-13తో కొలుద్దామంటే అది ప్రకృతిలో 1.1 శాతమే.

ఫ్లోరిన్ ఉంది కదా అని సంతోషించకండి, తర్వాతి జల్లెడ గాఢత. డిప్రెషన్ మందు ఫ్లూఆక్సెటిన్‌లో మూడు ఫ్లోరిన్లు ఒకే కార్బన్ మీద ఉన్నాయి, మూడూ కలిసి ఒకే శిఖరంగా వస్తాయి. రోజూ వాడేవారి మెదడులో అది, దాని మెటబొలైట్ (మందు ఒంట్లో మారగా వచ్చే పదార్థం) కలిపి పది మైక్రోమోలార్ అటూఇటూగా చేరతాయి. 1.5 లేదా 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) యంత్రం, తల మొత్తం నుంచి సిగ్నల్ తీసుకుంటే, దీన్ని పట్టగలదు. అదే సైకోసిస్ మందు రిస్పెరిడోన్‌లోనూ ఫ్లోరిన్ ఉంది, కానీ ఒక్కటే. రక్తంలో మిల్లీలీటరుకు 20 నుంచి 60 నానోగ్రాములు, అంటే 0.1 మైక్రోమోలార్ దరిదాపులు. హాలోపెరిడాల్ ఇంకా తక్కువ. వీటికోసం ఎంఆర్ఎస్ బుక్ చేసుకుంటే గంటసేపు రికార్డు చేసేది ఉత్త రొదనే.

రక్తమే చాలనుకుంటే

ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ (పదార్థాలను కాలమ్‌లో విడదీసి మాస్ స్పెక్ట్రోమీటరుతో కొలిచే యంత్రం) 50 నుంచి 100 మైక్రోలీటర్ల ప్లాస్మాలో (కణాలు తీసేసిన రక్తద్రవంలో) మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము, చాలా మందులకు అంతకంటే తక్కువ కూడా కొలుస్తుంది. అసలు మందునూ మెటబొలైట్‌నూ విడివిడిగా చూపిస్తుంది. ఇది ఎంఆర్ఎస్‌కు తరచూ చేతకాని పని. హైదరాబాద్‌లో బయోఈక్వివలెన్స్ (జనరిక్ మందు ఒరిజినల్‌తో సమానమా అనే) పరీక్షలు చేసే సంస్థల రోజువారీ పనే ఇది: గడ్డకట్టనివ్వని కే2ఈడీటీఏ ట్యూబులో రక్తం, ప్లాస్మాకు మూడింతల అసిటోనైట్రైల్ పోసి ప్రోటీన్లను దించడం, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కలిసిన ఇంటర్నల్ స్టాండర్డ్ (పోల్చడానికి తెలిసినంత కలిపే పదార్థం), సెంట్రిఫ్యూజ్, పైతేట కాలమ్‌లోకి. ఇలాంటి కొలతల అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ ఎం10 ప్రకారం కొలత అసలు విలువకు 15 శాతం లోపు, అతి తక్కువ గాఢత దగ్గర 20 శాతం లోపు రావాలి.

లిథియానికి ఇంత హంగామా అక్కర్లేదు. అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడో ఫ్లేమ్ ఫోటోమీటరో చాలు. కానీ రెండు చోట్ల బోల్తా పడతారు. మొదటిది, రక్తం చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు తీయాలి, ఉదయం మాత్ర వేసుకుని వస్తే అంకె పైకి పోతుంది. రెండోది మరీ విచిత్రం. పచ్చమూత ట్యూబుల్లో చాలావాటికి లిథియం హెపారిన్ పూత ఉంటుంది. లిథియం కొలిచే రక్తాన్ని అందులో తీస్తే ట్యూబులోని లిథియమే రక్తంలో కలుస్తుంది. మాత్ర ముట్టనివారికి కూడా లీటరుకు ఒక మిల్లీమోల్ దాటి రావచ్చు. విషమయ్యే స్థాయి 1.5 దగ్గర మొదలవుతుందని గుర్తుపెట్టుకుంటే ఈ పొరపాటు ఎంత కంగారు పెట్టగలదో తెలుస్తుంది. ఎర్రమూత లేదా పసుపుమూత సీరం ట్యూబు వాడండి. అంకె నమ్మశక్యంగా లేకపోతే మందు ఆపే ముందు ట్యూబు మూత రంగు అడగండి.

ఎన్ఎంఆర్: మూత్రానికి భేష్, ప్లాస్మాకు జాగ్రత్త

ఇక్కడ రోగి అయస్కాంతంలోకి వెళ్లడు, శాంపిల్ వెళుతుంది. హైదరాబాద్‌లో ఐఐసీటీ, సీసీఎంబీ, టీఐఎఫ్ఆర్ ప్రాంగణాల్లో పెద్ద ఎన్ఎంఆర్ యంత్రాలున్నాయి. ఎల్‌సీ-ఎంఎస్‌తో పోలిస్తే సున్నితత్వం వందల రెట్లు తక్కువ. మరెందుకు వాడాలి? మందు ఒంట్లో ఏమేమిగా మారుతుందో ముందుగా తెలియనప్పుడు. మాస్ స్పెక్ట్రోమీటరుకు ఏ బరువును వెతకాలో మీరు చెప్పాలి, పైగా ఒక్కో పదార్థానికి అది ఒక్కోలా స్పందిస్తుంది. ఫ్లోరిన్ ఎన్ఎంఆర్‌లో ఫ్లోరిన్ ఉన్న ప్రతి మెటబొలైట్ తనంతట తానే శిఖరంగా నిలబడుతుంది. శిఖరం కింది వైశాల్యం పరమాణువుల సంఖ్యకు సరిగ్గా అనులోమం, ఒక్కోదానికి విడిగా స్టాండర్డ్ కొననక్కర్లేదు.

మూత్రానికి పద్ధతి తేలిక. 540 మైక్రోలీటర్ల మూత్రం, 60 మైక్రోలీటర్ల ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ 7.4, భారజలంలో కలిపినది), 5 మిల్లీమీటర్ల ట్యూబు. బఫర్ మానేస్తే ఒక్కో మనిషి మూత్రం పీహెచ్‌ని బట్టి శిఖరాలు అటూఇటూ జరిగి, ఏ రోజుది ఏదో పోల్చలేరు. గాఢత కొలవాలంటే స్కాన్‌కూ స్కాన్‌కూ మధ్య ఆ కేంద్రకపు టీ1కి (పల్స్ తర్వాత సిగ్నల్ తిరిగి కోలుకునే కాలానికి) ఐదింతల సమయం ఆగండి. టీ1 రెండు సెకన్లయితే పది సెకన్లు. తొందరపడి రెండు సెకన్లకు తగ్గిస్తే నెమ్మదిగా కోలుకునే శిఖరం చిన్నదవుతుంది, ఒక మెటబొలైట్ త్వరగా మాయమైందని తప్పుడు తీర్మానం రాస్తారు.

ప్లాస్మాలో వేరే చిక్కు. ఫ్లూఆక్సెటిన్ లాంటివి 90 శాతానికి పైగా ప్రోటీన్లకు అతుక్కుని ఉంటాయి. అతుక్కున్న అణువు నెమ్మదిగా తిరుగుతుంది, శిఖరం వెడల్పై అడుగున కలిసిపోతుంది. కనబడేది విడిగా ఉన్న కొసరే. రిఫరెన్స్‌గా వేసే టీఎస్‌పీ అనే రసాయనం కూడా రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్‌కి అతుక్కుంటుంది కాబట్టి ప్లాస్మాలో దాన్ని కొలతకు వాడకూడదు. క్యాపిలరీలో (సన్నని గాజు గొట్టంలో) విడిగా పెట్టిన రిఫరెన్స్ మేలు. ప్రోటీన్లను తీసేద్దామని అల్ట్రాఫిల్టర్ వాడితే, దాని పొరకు రాసిన గ్లిజరిన్ హైడ్రోజన్ స్పెక్ట్రమ్‌లో 3.5, 3.7 పీపీఎంల (శిఖరం స్థానానికి కొలత) మధ్య పెద్ద శిఖరాలుగా దిగుతుంది. వాడే ముందు శుద్ధజలంతో నాలుగైదుసార్లు కడిగితే గానీ పోదు.

ఫ్లోరిన్ స్పెక్ట్రమ్‌లో దొంగ శిఖరాలు కొన్ని ఉన్నాయి. ప్రోబ్ (ట్యూబు చుట్టూ ఉండి సిగ్నల్ వినే భాగం) లోపలి టెఫ్లాన్ వెడల్పాటి గుట్టలా వస్తుంది, ఖాళీ ట్యూబుతో ఒకసారి తీసి పెట్టుకుంటే గుర్తుపట్టొచ్చు. ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం మైనస్ 76 పీపీఎం దగ్గర కనబడితే అది పదార్థాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ యంత్రపు ద్రావణం నుంచో సరిగా కడగని గాజు నుంచో వచ్చినదే. మైనస్ 120 దగ్గరి సన్నని శిఖరం ఫ్లోరైడ్ అయాన్. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారి మూత్రం మీ అధ్యయనంలో ఉంటే దీన్ని మందు విరిగి వచ్చిన ఫ్లోరైడ్ అనుకునే ప్రమాదం ఉంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అంటే 0.26 మిల్లీమోలార్, ఎన్ఎంఆర్‌కు అది కొండంత. మందు మొదలుపెట్టకముందు తీసిన మూత్రం తప్పనిసరిగా దాచుకోండి, తేడా తీసేది దానితోనే.

ఎంఆర్ఎస్: మనిషిని కోయకుండా అవయవంలో చూడటం

మనిషి మెదడులో లిథియాన్ని ఇలా కొలిచిన పని 1988లోనే అమెరికాలో అచ్చయింది. ఇంకో డిప్రెషన్ మందు ఫ్లూవోక్సమిన్ మెదడులో ప్లాస్మాలో కంటే ఎన్నో రెట్లు గాఢంగా చేరుతుందనీ, మెదడు నుంచి దిగిపోయే అర్ధాయువు ప్లాస్మాతో పోలిస్తే దాదాపు రెట్టింపనీ 1990లలో ఫ్లోరిన్ ఎంఆర్ఎస్సే చూపింది. క్యాన్సర్ మందు 5-ఫ్లోరోయురాసిల్ ప్లాస్మాలో 8 నుంచి 20 నిమిషాల్లో సగమవుతుంది. కొందరి కణితుల్లో మాత్రం 20 నిమిషాలకు మించి చిక్కుకుని ఉంటుందనీ, అలా చిక్కుకున్నవారిలోనే మందు ఎక్కువగా పనిచేస్తోందనీ అమెరికా పరిశోధకులు వాల్టర్ వోల్ఫ్, ప్రెసాంట్‌ల బృందం చూపించింది. రక్తం చెప్పలేని సంగతులివి.

యంత్రం విషయానికొస్తే, 3 టెస్లా దగ్గర హైడ్రోజన్ సిగ్నల్ పౌనఃపున్యం 127.7 మెగాహెర్ట్జ్, ఫ్లోరిన్ 120, లిథియం 49.6. మామూలు ఎంఆర్ఐ ఆంప్లిఫయర్ హైడ్రోజన్ కోసమే కట్టినది. బ్రాడ్‌బ్యాండ్ ఆంప్లిఫయర్, మల్టీన్యూక్లియర్ లైసెన్సు (హైడ్రోజన్ కాక వేరే పరమాణువులనూ వినే సాఫ్ట్‌వేర్ అనుమతి), రెండు పౌనఃపున్యాలకూ శ్రుతి చేసిన కాయిల్ (సిగ్నల్ పట్టే తీగచుట్ట) ఉండాలి. ఆస్పత్రిలో 3 టెస్లా ఉందన్న ఒక్క మాటతో ప్రాజెక్టు రాసుకోకూడదు.

అసలు పరిమితి సిగ్నల్-రొద నిష్పత్తి. మొదటి రోజు నిష్పత్తి 12 అనుకోండి. శిఖరమని నమ్మాలంటే కనీసం 3 కావాలి. 12 నుంచి 6, 6 నుంచి 3: రెండు అర్ధాయువులు, అంతటితో సరి. ఇంకో అర్ధాయువు చూడాలంటే నిష్పత్తి రెట్టింపు కావాలి, దానికి స్కాన్ సమయం నాలుగింతలు కావాలి. 40 నిమిషాల స్కాన్ 160 నిమిషాలవుతుంది. గొట్టంలో అంతసేపు కదలకుండా పడుకునేవారెవరు? కాబట్టి అర్ధాయువును అంచనా వేసుకుని మొదటి రెండు అర్ధాయువుల్లోనే నాలుగు స్కాన్లు సర్దండి. లిథియానికి 0, 24, 48, 72 గంటలు పెట్టారనుకోండి. పై ఉదాహరణ ప్రకారం మెదడు అంకెలు 0.6, 0.33, 0.18, 0.10. చివరిది రొదలో మునిగే అవకాశం ఎక్కువ. మేమైతే 0, 16, 32, 48 పెడతాం.

లిథియం కొలతలో తప్పు ఎక్కడ దూరుతుందో దగ్గరగా చూద్దాం. తల పక్కన తెలిసిన గాఢత గల లిథియం క్లోరైడ్ సీసా పెట్టి, దానితో మెదడు సిగ్నల్‌ను పోలుస్తారు. మెదడులో లిథియం టీ1 నాలుగు సెకన్ల ప్రాంతం. ఉత్త నీళ్లలో అదే పది సెకన్లకు పైన. రెపిటీషన్ టైమ్ (పల్స్‌కూ పల్స్‌కూ మధ్య సమయం) నాలుగు సెకన్లు పెట్టారంటే మెదడు లిథియం మూడింట రెండొంతులు కోలుకుంటుంది, సీసాలోది మూడో వంతు కూడా కోలుకోదు. సీసా సిగ్నల్ చిన్నదైపోయి, దానితో పోల్చిన మెదడు లిథియం రెండింతలుగా కనబడుతుంది. టీ1 సవరణ చేయండి, లేదా సీసాను విడిగా పొడవాటి రెపిటీషన్ టైమ్‌తో తీయండి. రెండో దొంగ ఎకో టైమ్, అంటే పల్స్ కొట్టాక సిగ్నల్ వినేదాకా ఆగే సమయం. లిథియం-7 కేంద్రకపు స్పిన్ (దాని అయస్కాంత గుణం) 3/2 కాబట్టి దాని సిగ్నల్‌లో కొంత భాగం కొద్ది మిల్లీసెకన్లలోనే చచ్చిపోతుంది. పొడవాటి ఎకో వాడితే ఆ భాగం పోయి లిథియం తక్కువగా వస్తుంది. పల్స్ కొట్టిన వెంటనే వినే పద్ధతే వాడండి.

ఫ్లోరిన్‌కి మరో గండం. ఫ్లూఆక్సెటిన్, దాని మెటబొలైట్ నార్‌ఫ్లూఆక్సెటిన్ రెండింటి శిఖరాలూ మనిషి తలలో కలిసిపోయి వస్తాయి. దీర్ఘకాలం వాడాక మొదటిది 4 నుంచి 6 రోజుల్లో, రెండోది 4 నుంచి 16 రోజుల్లో సగమవుతుంది. మీకు వచ్చే వంపు ఆ రెండింటి మిశ్రమం, దాన్ని ఫ్లూఆక్సెటిన్ అర్ధాయువు అని రాయకండి. అదే రోజు రక్తం తీసి ఎల్‌సీ-ఎంఎస్‌తో రెండింటి నిష్పత్తి పక్కన పెట్టండి. పైగా తల మొత్తం సిగ్నల్‌లో నెత్తిచర్మం, కండరాల వాటా కూడా ఉంటుంది.

కణితుల్లో 5-ఫ్లోరోయురాసిల్ చూసేటప్పుడు కాలేయం దగ్గరగా ఉంటే దాని మెటబొలైట్ ఎఫ్‌బీఏఎల్ సిగ్నల్ ఉప్పెనలా వచ్చిపడుతుంది. మోతాదులో 80 శాతానికి పైగా కాలేయమే విరగ్గొడుతుంది మరి. ఆ శిఖరం అసలు మందుకు 19 పీపీఎం దూరంలో ఉంటుంది కాబట్టి కలవదు. కానీ ఆ దూరమే 1.5 టెస్లా వద్ద 1100 హెర్ట్జ్‌కు పైన, అందువల్ల సిగ్నల్ ఎక్కణ్నుంచి కావాలో చూపుతూ చిత్రం మీద మీరు గీసిన పెట్టె ఒక్కో పదార్థానికి ఒక్కోచోట పడుతుంది. పిత్తాశయంలో కూడా ఎఫ్‌బీఏఎల్ పోగవుతుంది, పెట్టె అంచు అటు తగిలితే కణితిలో మందు ‘నిలిచిపోయినట్టు’ కనబడుతుంది.

ఎలుకల మీద చేసేవారికి ఒకే ఒక్క హెచ్చరిక: ఐసోఫ్లురేన్‌తో మత్తివ్వకండి. అందులో ఐదు ఫ్లోరిన్లున్నాయి. మందు శిఖరం అనుకుని మత్తు శిఖరాన్ని కొలిచేస్తారు. కీటమిన్-జైలజిన్ మేలు. సెవోఫ్లురేన్‌తో ఆపరేషన్ చేయించుకుని కొద్దిరోజులే అయిన మనుషులకూ ఇదే వర్తిస్తుంది.

పెట్ ఎక్కడ పనికొస్తుంది

సున్నితత్వంలో పెట్‌కు సాటి లేదు, ఎంఆర్ఎస్ మైక్రోమోలార్ దగ్గర ఆగితే ఇది పికోమోలార్ దాకా చూస్తుంది. కానీ కార్బన్-11 అర్ధాయువు 20 నిమిషాలు, ఫ్లోరిన్-18కి 110 నిమిషాలు. రోజుల తరబడి నిలిచే మందును ముద్రవేసి వెంబడించాలంటే మందుకంటే ముద్ర ముందే ఆరిపోతుంది. అసలు మందేదో విరిగిన ముక్కేదో కూడా పెట్ చెప్పదు, రెండూ ఒకేలా వెలుగుతాయి. యాంటీబాడీల సంగతి వేరు, జిర్కోనియం-89 మూడు రోజులకు పైగా ఉంటుంది కాబట్టి దానితో వారం దాకా చూడొచ్చు. రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటివి మెదడులోని రిసెప్టర్ల (మందు అతుక్కునే చోట్ల) మీద ఎన్నాళ్లు కూర్చున్నాయో తేల్చడానికి పెట్ స్కానే దారి: మందుకు ముద్ర వేయకుండా, ఆ రిసెప్టర్‌కే అతుక్కునే వేరే ట్రేసర్ (ముద్ర వేసిన పదార్థం) ఇచ్చి ఎంత చోటు ఖాళీ అయిందో రోజు విడిచి రోజు చూస్తారు.

మామూలు ఎంఆర్ఐకి కనబడేవి రెండు

నీటి సిగ్నల్‌నే మార్చేసే మందులు మామూలు యంత్రానికీ దొరుకుతాయి. రక్తహీనతకు నరంలో ఎక్కించే ఫెరుమాక్సిటాల్ రక్తంలో సుమారు 15 గంటల్లో సగమవుతుంది. దాని ఇనుము మాత్రం కాలేయం, ప్లీహంలోని మాక్రోఫేజ్ అనే రక్షక కణాలలో చేరి ఎంఆర్ఐ చిత్రాలను 3 నెలల దాకా మార్చగలదని మందు పత్రంలోనే ఉంటుంది. టీ2* మ్యాపింగ్‌తో (నీటి సిగ్నల్ ఎంత త్వరగా ఆరుతుందో చూపే స్కాన్‌తో) దీన్ని వారం వారం కొలవొచ్చు, ప్రత్యేక కాయిల్ అక్కర్లేదు. రెండోది గడోలినియం కాంట్రాస్ట్, అంటే ఎంఆర్ఐ చిత్రం స్పష్టంగా రావడానికి నరంలో ఎక్కించే మందు. కిడ్నీలు బాగుంటే గంటన్నరలో సగం పోతుంది, కానీ పలుమార్లు తీసుకున్నవారి మెదడులో డెంటేట్ న్యూక్లియస్ అనే భాగం తెల్లబడుతుందని 2014లో జపాన్ నుంచి కాండా బృందం రాసింది. యూరప్ 2017లో కొన్ని లీనియర్ (గడోలినియాన్ని వదులుగా పట్టుకునే) రకాలను ఆపేసింది. తెల్లదనాన్ని గాఢతగా మాత్రం చదవకండి. ఎంత గడోలినియమో అంకెలో కావాలంటే కణజాలం లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్‌కు వెళ్లాల్సిందే.

మరి మీకేది?

జనరిక్ మాత్ర ఒరిజినల్‌తో సమానమా అని చూస్తున్నారా, ఎల్‌సీ-ఎంఎస్, మరో ఆలోచన వద్దు. ఫ్లోరిన్ ఉన్న కొత్త అణువు ఒంట్లో ఏమవుతుందో తెలియదా, మూత్రం పట్టుకుని ఫ్లోరిన్ ఎన్ఎంఆర్‌కు వెళ్లండి, శిఖరాలు గుర్తించాక కొలత పనిని ఎల్‌సీ-ఎంఎస్‌కు అప్పగించండి. లిథియం, ఫ్లూవోక్సమిన్, ఫ్లూఆక్సెటిన్ మెదడులో ఎన్నాళ్లున్నాయన్నదే ప్రశ్నైతే ఎంఆర్ఎస్, పక్కనే రక్తం. లిథియం విషయంలో మాత్రం, కొలత కోసమని రోగి మందు ఆపించకండి. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. డాక్టరు వేరే కారణంతో ఎలాగూ ఆపుతున్నవారినే తీసుకోండి.

ఇంట్లో ఎవరికో మందు మార్చేటప్పుడు ‘పాతది పూర్తిగా పోయిందా’ అని అడిగేవారికి వీటిలో ఏదీ అక్కర్లేదు. ఐదు అర్ధాయువుల్లో 97 శాతం పోతుంది. ఫ్లూఆక్సెటిన్ ఆపాక ఎంఏఓ ఇన్హిబిటర్ (ఇంకో రకం డిప్రెషన్ మందు) మొదలుపెట్టాలంటే ఐదు వారాలు ఆగమనేది నార్‌ఫ్లూఆక్సెటిన్‌ను లెక్కలో పెట్టుకునే.

స్కాన్ సెంటర్‌కు ఫోన్ చేసేటప్పుడు ఎన్ని టెస్లాలని అడిగి ఊరుకోకండి. బ్రాడ్‌బ్యాండ్ ఆంప్లిఫయర్ ఉందా, ఫ్లోరిన్ లేదా లిథియానికి శ్రుతి చేసిన కాయిల్ చేతిలో ఉందా, మల్టీన్యూక్లియర్ లైసెన్సు ఇప్పుడు నడుస్తోందా, ముందు మనిషి లేకుండా, మెదడులో ఉండేంత గాఢత గల సీసాతో (ఫ్లోరిన్‌కైతే పది మైక్రోమోలార్) ఒక స్కాన్ తీసి చూపిస్తారా అని అడగండి. సీసాలో శిఖరం రాని చోట తలలోనూ రాదు.